తాతయ్య మిలిటరీ ఫొటోకి రంగులద్దే ముందు

బీరువా అడుగున పాత మిలిటరీ ఫొటో ఒకటి దొరికితే ఈ రోజుల్లో జరిగేది దాదాపు ఒకటే. ఫోన్‌తో దాన్ని ఫొటో తీస్తారు, ఏదో యాప్‌లో వేస్తారు, అర నిమిషంలో తాతయ్య రంగుల్లో తయారు. వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వరస కడతాయి. రెండు రోజులయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు: ఇంతకీ ఆయన ఏ రెజిమెంటు, ఏ యుద్ధానికి వెళ్లారు? అందరూ ఆ రంగుల బొమ్మనే పెద్దది చేసి చూస్తారు. టోపీ మీది బ్యాడ్జి పసుపు ముద్దలా ఉంటుంది. ఛాతీ మీద రిబ్బన్లకు ఏ సైన్యంలోనూ లేని రంగులుంటాయి. భుజం మీద అక్షరాలుండాల్సిన చోట నున్నటి గుడ్డ కనబడుతుంది.

నా వాదన సూటిగా చెప్తాను. యూనిఫాంలో ఉన్న మనిషి ఫొటో అయితే, గుర్తుపట్టే పని తేలేదాకా బాగుచేసే పనికి చెయ్యి పెట్టకూడదు. ఇంట్లోవాళ్లు వెతికేది ముఖం. యాప్ బాగుచేసేదీ ముఖమే. కానీ ఆయన సంగతి చెప్పేవి టోపీ, భుజం, ఛాతీ, మోచేయి, ఇంకా ఫొటో వెనక్కి తిప్పితే కనబడే అట్ట. వీటిలో చాలావాటిని చూడగానే మరకలనీ గీతలనీ అనుకుంటాం.

లెక్క వేసి చూడండి. స్టూడియోలో నిలబడి తీయించుకున్న నిలువెత్తు ఫొటోలో మనిషి 5 అంగుళాలున్నాడనుకుందాం. ఐదున్నర అడుగుల మనిషి దాదాపు 13 రెట్లు చిన్నవాడయ్యాడన్నమాట. మెడల్ రిబ్బన్ అసలు వెడల్పు 32 మిల్లీమీటర్లు, ఫొటోలో రెండున్నరకు లోపే. భుజంపట్టీ మీది ఇత్తడి అక్షరాలు సెంటీమీటరు లోపు ఎత్తువి, ఫొటోలో ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండవు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే ఆ అక్షరానికి దక్కేది 8 పిక్సెళ్లు, 1200లో చేస్తే 33. ఎనిమిది పిక్సెళ్లలో ఏ ఇంగ్లీషు అక్షరమో ఎవరూ చెప్పలేరు. ముప్పైమూడు ఉంటే, ఫొటో ఫోకస్‌లో ఉన్నంతమేరకు చదవొచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో 300 కన్నా అన్యాయం.

ముఖాలు తేటపరిచే సాఫ్ట్‌వేర్ లెక్కలేనన్ని ముఖాలు చూసి నేర్చుకుంది. కన్ను చెరిగిపోతే అక్కడ ఒక సగటు కన్ను పెడుతుంది. ఇంట్లోవాళ్లకు అది చాలావరకు నచ్చుతుంది కూడా. 1943 నాటి భుజంపట్టీ మీద ఏ అక్షరాలుండాలో మాత్రం దానికి తెలీదు. ఉన్నవాటిని దుమ్మనుకుని తుడిచేస్తుంది, లేదంటే అక్షరాల్లాంటివి గీస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది చదవడానికి వీలుగా కూడా ఉంటుంది.

ముట్టుకునే ముందు

పాత ఫొటోలకు ఇంట్లో జరిగే అన్యాయాల్లో మొదటిది లామినేషన్. వేడి రోలర్ల మధ్య ప్లాస్టిక్ అతికించాక దాన్ని ఫొటో చెడకుండా ఊడదీయడం అయ్యే పని కాదు. లోపలి తేమ లోపలే ఉండిపోతుంది, జిగురు ఫొటో మీదే పనిచేస్తూ ఉంటుంది. ఇప్పటికే చేయించేశారా, ఇంకేమీ చేయకండి. స్కానర్ వెలుగు ప్లాస్టిక్ మీద తళుక్కుమంటే కెమెరాతో కాపీ తీయండి. ఫొటోని నేల మీద పరిచి, కెమెరాని సరిగ్గా పైనుంచి నిలిపి, రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల వాలులో రెండు లైట్లు పెట్టాలి. గదిలో మిగతా వెలుగంతా ఆపేయాలి.

పటం కట్టించిన ఫొటో గాజుకి అతుక్కుపోయి ఉంటే బ్లేడుతో లేపకండి. పాత నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ ఉండేది కాగితం మీద కాదు, దాని పైనున్న జెలటిన్ పొరలో. వానాకాలపు తేమకి అది మెత్తబడి గాజుని పట్టుకుంటుంది. లాగితే కాగితం మీ చేతికొస్తుంది, ముఖం గాజు మీదే ఉండిపోతుంది. గాజుతో సహా స్కాన్ చేయడమే మార్గం. బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో తుడవడమూ ఇలాంటి పొరపాటే. బూజు తిన్న చోట జెలటిన్ నీళ్లలో కరిగే స్థితికి వస్తుంది, ఒక్క తుడుపుతో బొమ్మ పోతుంది. పొడిగా ఉన్న గదిలో కొన్నాళ్లు విడిగా ఉంచి, బూజు ఎండాక, ముక్కుకి మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి. అది కూడా స్కాన్ అయ్యాకే. స్పిరిట్, రబ్బరు, టిష్యూ పేపరు, నోటి ఆవిరి, ఏదీ వద్దు. దుమ్ముకి రబ్బరు బల్బు ఊదే బ్లోయర్ చాలు.

పటం విప్పడానికి వీలుంటే వెనక అట్ట తీసి చూడండి. పటం కట్టినవాడు అట్ట చాలక ఇంకో ఫొటోనో, పాత కాగితాన్నో వెనక పెట్టడం మామూలే. ఫొటో వెనక పెన్సిల్ రాత వెలిసిపోయి ఉంటే, గది చీకటి చేసి టార్చిలైటుని కాగితానికి దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. పెన్సిల్ నొక్కిన గాడి నీడలో తేలుతుంది. ముందువైపు అట్ట మూలన రంగు లేకుండా ఉబ్బెత్తుగా నొక్కిన స్టూడియో ముద్ర కూడా ఇలాగే బయటపడుతుంది. స్టూడియో ఊరు తెలిసిందంటే సగం పని అయినట్టే. బెంగళూరు, వెల్లింగ్టన్, జబల్పూర్, రాంచీ లాంటి కంటోన్మెంటు ఊరి స్టూడియో అయితే ట్రైనింగులోనో, బదిలీ మీదో తీయించుకున్నది. సొంత ఊరి దగ్గరి పట్నం స్టూడియో అయితే సెలవులో తీయించుకున్నది.

స్కాన్

చిన్న ఫొటోలకు 1200 డీపీఐ, 8 అంగుళాలు దాటినవాటికి 600, గ్రూపు ఫొటో ఎంత పెద్దదైనా 1200. గ్రూపు ఫొటో స్కానర్ గాజు మీద పట్టకపోతే ముక్కలుగా చేయండి, ఒక్కో ముక్కా పక్కదానితో పావు వంతు కలిసేలా. ఫైలు టిఫ్‌లో ఉండాలి. జేపెగ్ చిన్న చిన్న గీతల దగ్గరే ఎక్కువ చెడగొడుతుంది, మనకి కావలసినవి ఆ గీతలే. స్కానర్‌లో షార్పెనింగ్, దుమ్ము తీసివేత, ఆటో కాంట్రాస్ట్, అన్నీ ఆపేయండి.

ఫొటో నలుపు తెలుపే అయినా స్కాన్ మాత్రం రంగుల్లో, 48 బిట్‌లో చేయాలి. చాలామంది గ్రేస్కేల్‌లో చేసి ఇక్కడే నష్టపోతారు. రంగుల స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానళ్లుంటాయి. వాటిని విడివిడిగా తెరిచి చూడండి. టీ మరక, తేమ మరక, జిగురు మరక పసుపు గోధుమ రంగువి. ఎరుపు చానల్‌లో అవి దాదాపు మాయమవుతాయి. దీనికి తలకిందులుగా, ఫొటోయే వెలిసి పసుపెక్కిపోతే మిగిలిన వివరం నీలం చానల్‌లో ఎక్కువ ఉంటుంది. అంటే మరక కింద దాగిన బ్యాడ్జి కోసం ఎరుపు, వెలిసిపోయిన భుజం కోసం నీలం. ఒకే ఫొటోలో రెండూ అవసరమవుతాయి. గ్రేస్కేల్‌లో చేసిన స్కాన్‌లో ఈ రెండు దారులూ మూసుకుపోతాయి.

అంచుల దగ్గర, నల్లటి చోట్ల నీలి వెండి మెరుపు తేలితే అది మురికి కాదు. ఫొటోలోని వెండే పైకి వచ్చింది. తుడవకండి. స్కానర్‌లో అది మసకపొరలా పడుతుంది కాబట్టి పైన చెప్పిన కెమెరా పద్ధతి నయం. గింజలు తేలిన సిల్కు కాగితం మీద ఫొటో అయితే ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి సగం సగం కలిపితే గింజల నీడలు చాలావరకు కొట్టుకుపోతాయి.

పై నుంచి కిందికి చదవడం

ముందుగా కిరీటం ఉందా లేదా చూడండి. టోపీ బ్యాడ్జి మీదో, బొత్తాల మీదో కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం. అశోకుడి సింహాలుంటే గణతంత్రం తరవాతి మాట, అంటే 1950 జనవరి 26 తరవాత. మార్పు ఒక్కరోజులో అన్ని యూనిట్లలో జరగలేదు, కాబట్టి 1950 అంచున ఉన్న ఫొటోని ఏడాదితో సహా ఖాయం చేయకండి. భుజం మీద నక్షత్రాలు కూడా ఇదే కథ చెప్తాయి. బ్రిటిష్ కాలం నక్షత్రం నాలుగు మొనలది, దూరం నుంచి పలకలా కనబడుతుంది. తరవాతిది ఐదు మొనలది.

భుజాన నక్షత్రాలుండగానే ఆఫీసరు అనుకోకండి. ఇంట్లో 'మా తాత మిలిటరీలో పెద్ద ఆఫీసరు' అనే మాట చాలావరకు ఇక్కడ పుట్టిందే. జమేదారుకి ఒక నక్షత్రం, సుబేదారుకి రెండు. వీళ్లు అప్పట్లో వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు, ఇప్పటి లెక్కలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే జేసీవోలు. స్వాతంత్ర్యం తరవాతి ఫొటోల్లో జేసీవో నక్షత్రాల కింద భుజంపట్టీకి అడ్డంగా ఒక గుడ్డ పట్టీ కూడా ఉంటుంది, లెఫ్టినెంటుకి అది ఉండదు. కాగితాల్లో 'జమేదారు' అని ఉంటే 1965కి ముందుది, ఆ ఏడాది ఆ హోదా పేరు నాయబ్ సుబేదారు అయింది. జమేదారు అంటే ఊళ్లో ఇంకేదో ఉద్యోగం అనుకుని తాతగారి స్థాయి తగ్గించేసిన ఇళ్లూ ఉన్నాయి.

పైచేతి మీద మొన కిందికున్న వి ఆకారపు పట్టీలు హోదావి: ఒకటి లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దారు. అవే పట్టీలు మోచేతికి కింద, మొన పైకి ఉంటే హోదా కాదు. ఎడమ ముంజేతి మీదవి సత్ప్రవర్తనతో గడిపిన సర్వీసుకి ఇచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918 నుంచి, కుడి ముంజేతి మీద విదేశీ యుద్ధసేవకి కూడా చిన్న పట్టీలిచ్చారు. ఎడమ ముంజేతి మీద నిలువుగా సన్నటి బంగారు గీత ఉంటే గాయానికి గుర్తు. దాన్ని స్కాన్‌లో గీత అనుకుని చెరిపేయడం చాలా తేలిక.

భుజంపట్టీ చివరి ఇత్తడి అక్షరాలే అన్నిటికన్నా విలువైనవి. తెలుగువాళ్ల ఇళ్లలో దొరికే రెండో ప్రపంచయుద్ధపు ఫొటోల్లో రైఫిలు పట్టి ముందు వరసలో పోరాడిన పదాతిదళమే ఉంటుందని అనుకోకండి. లారీలు, రేషన్ చూసిన సర్వీస్ కోర్, ఆయుధాలు, సామాన్లు అందించిన ఆర్డినెన్స్, కూలిపనులు చేసిన పయనీర్లు, రోడ్లు, వంతెనలు కట్టిన సాపర్లు, మెడికల్, మెకానికల్ ఇంజనీర్లు కూడా ఉంటారు. అక్షరాలు కాలాన్ని కూడా బిగిస్తాయి. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ పుట్టింది 1943 ఏప్రిల్‌లో, ఇండియన్ ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ అదే ఏడాది మే 1న. ఆ అక్షరాలున్న ఫొటో అంతకు ముందుది కాదు. సర్వీస్ కోర్ అక్షరాల ముందు రాయల్‌ని సూచించే 'ఆర్' ఉంటే 1935కీ 1950కీ మధ్యది.

మద్రాస్ సాపర్లని టోపీయే పట్టిస్తుంది. వాళ్ల పాత యూనిఫాం తలపాగా అంచు లేని గొట్టంలా పైకి లేచి ఉంటుంది, దాన్ని దూప్తా అంటారు. మద్రాస్ రెజిమెంటు విషయంలో ఒక ఖాళీ గుర్తుంచుకోవాలి. పాత మద్రాసు పదాతిదళాలని 1920ల చివరికి రద్దు చేసేశారు. మళ్లీ నిలబెట్టింది 1941లో. '1935లో మద్రాస్ రెజిమెంటులో చేరారు' అని ఇంట్లో చెప్పుకుంటుంటే, ఏడాదో, రెజిమెంటో తప్పు కావడానికే ఎక్కువ అవకాశం.

భుజం కింద చేతి మీద కుట్టిన బొమ్మ రెజిమెంటుది కాదు, చాలా రెజిమెంట్ల యూనిట్లు కలిసిన డివిజన్ లాంటి పెద్ద దళానిది. గద్ద అయితే 4వ ఇండియన్ డివిజన్, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ. నల్లచదరంలో గుండ్రటి బంతి 5వ డివిజన్, ఎరిట్రియా నుంచి ఆఫ్రికా మీదుగా బర్మా దాకా. నల్లపిల్లి 17వ డివిజన్, బర్మా. డాలు మీద మొన కిందికి దించిన కత్తి 14వ ఆర్మీ. ఇవి రెజిమెంటుని చెప్పవు కానీ మనిషి ఏ నేల మీద తిరిగాడో చెప్తాయి, కుటుంబానికి కావలసింది చాలాసార్లు అదే.

ఛాతీ మీది చారలు

మెడల్స్ ఎడమ ఛాతీ మీద ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది బొత్తాల వరస వైపు, అంటే మనం చూసేటప్పుడు ఎడమ చివర. రెండో ప్రపంచయుద్ధపు సిపాయికి మామూలుగా ఉండే వరస: 1939–45 స్టార్, ఆ తరవాత ఆఫ్రికా, బర్మా, ఇటలీ స్టార్లలో వర్తించినవి, డిఫెన్స్ మెడల్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. వార్ మెడల్‌కి 28 రోజుల సర్వీసు చాలు, కాబట్టి అది ఉన్నంతమాత్రాన యుద్ధరంగం చూసినట్టు కాదు. ఇండియా సర్వీస్ మెడల్ ఒక్కటీ, దాంతో వార్ మెడల్ మాత్రమే ఉంటే ఆయన యుద్ధకాలమంతా దేశంలోనే పనిచేశారని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. కుటుంబంలో బర్మా కథలు ఎన్ని తిరుగుతున్నా సరే.

మెడల్స్ ఫొటో తేదీకి ఒక అంచు కడతాయి. బర్మా స్టార్‌ని ప్రకటించింది 1945లో, ఇండియా సర్వీస్ మెడల్‌ని 1946లో. ఆ రిబ్బన్లున్న ఫొటో 'బర్మాకి వెళ్లేముందు తీయించుకున్నది' కాజాలదు. స్వాతంత్ర్యం తరవాత పని ఇంకా తేలిక. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ సమంగా ఉన్నది 1947 స్వాతంత్ర్య మెడల్. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి పూర్వీ స్టార్ లేదా పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ 1972లో సర్వీసులో ఉన్నవాళ్లకి వచ్చింది, అది కనబడితే ఫొటో అంతకు ముందుది కాదు. సైన్య సేవా మెడల్ రిబ్బన్‌కి అడ్డంగా లోహపు పట్టీ ఉంటే స్కాన్ బాగా పెద్దది చేయండి. హిమాలయ, నేఫా (ఇప్పటి అరుణాచల్), జమ్ము కశ్మీర్ అని ఎక్కడ పనిచేశారో దాని మీదే ఉంటుంది.

అసలు మెడల్ ఇంట్లో ఉంటే ఫొటో కన్నా అదే ముందు చూడాలి. అంచు తిప్పుతూ పక్కవాటు వెలుగులో చదవండి. మొదటి యుద్ధపు మెడల్స్ అంచున నంబరు, హోదా, పేరు, యూనిట్ ఉంటాయి. మెరుగు పెట్టించకండి, పాలిష్‌తో మొదట పోయేవి ఈ అక్షరాలే.

ఇప్పుడు అసలు చిక్కు. నలుపు తెలుపు ఫొటోలో రిబ్బన్ చారల రంగు ఊహించడం కనబడినంత సులువు కాదు. పాత ప్లేట్లు, ఫిల్ములు ఎరుపుని చూడలేవు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పోతుంది. 1939–45 స్టార్ రిబ్బన్‌లో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం పక్కపక్కన ఉంటాయి. ఎరుపుని చూడగల కొత్తరకం ఫిల్ము మీద నల్లటిది అంచు, నడిమిది బూడిద. పాతరకం మీద నడిమిది కటిక నలుపు, అంచులు రెండూ లేత. చిన్న పట్నాల స్టూడియోల్లో పాతరకం చాలాకాలం నడిచింది కాబట్టి ఏడాదిని బట్టి చెప్పలేం. అదే ఫొటోలో రంగు తెలిసిన వస్తువు ఒకటి వెతకండి. పక్కన భార్య కూచుని ఉంటే ఆవిడ కుంకుమబొట్టు చూడండి. బొగ్గులా నల్లగా ఉంటే ఫిల్ము ఎరుపుని చూడలేదని మంచి ఆధారం. రంగులద్దే యాప్‌లు ఈ తేడాని అసలు లెక్కలోకి తీసుకోవు. నల్లగా ఉంది కాబట్టి నలుపు లేదా ముదురు నీలం వేసేస్తాయి. అలా వేసిన రిబ్బన్‌ని చూసి మెడల్ వెతికితే దొరికేది తప్పుడు మెడలే.

మోసపోయే చోట్లు

చేత్తో రంగులేసిన పాత స్టూడియో ఫొటోలు ఇంకో రకం యాప్‌లే. పెయింటరు ఖాకీ రంగు సరిగ్గా వేసి ఉండొచ్చు, రిబ్బన్లు మాత్రం చేతికొచ్చిన రంగులతో వేసి ఉంటాడు. ఆ రంగుని సాక్ష్యంగా తీసుకోవద్దు. ఇంకో స్టూడియో అలవాటు ఉంది: మనిషి పోయాక, గ్రూపు ఫొటోలోంచి తల తీసి పెద్దది చేసి దానికి యూనిఫాం గీయడం. మెడ దగ్గర చూస్తే తెలుస్తుంది. ముఖానికి వెలుగు ఒక వైపు నుంచి, కోటు మడతలకి ఇంకో వైపు నుంచి వస్తుంది. ముఖంలో ఫొటో గింజ ఉంటుంది, కోటులో బ్రష్ గీతలుంటాయి, బొత్తాలన్నీ అచ్చు ఒకే వెలుగుతో మెరుస్తాయి. అలాంటి ఫొటోలో యూనిఫాం నుంచి ఏదీ తేల్చకూడదు.

నెగెటివ్ తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు మారతాయి. మెడల్స్ కుడి ఛాతీ మీద ఉన్నాయా, కోటు ఎడమ అంచు కుడి అంచు కిందికి పోయిందా, నడుం బెల్టు అడ్డపట్టీ ఎడమ భుజం మీదుగా ఉందా, రైఫిలు బోల్టు పిడి ఎడమ వైపుందా, అన్నీ కలిపి చూడండి. మెడల్స్ మాత్రమే కుడి వైపుండి మిగతావన్నీ సరిగ్గా ఉంటే తిరగేసింది కాదు. పోయిన తండ్రి మెడల్స్ కొడుకో, భర్తవి భార్యో పెట్టుకునే పద్ధతి అది.

ఖాకీ కట్టిన ప్రతివాడూ మిలిటరీ కాదు. పోలీసు, రిజర్వు పోలీసు, ఎక్సైజు, అటవీశాఖ, రైల్వే, 1948 తరవాత ఎన్‌సీసీ, అన్నీ ఖాకీలే. నడుం బెల్టు బిళ్ల మీద నంబరు, దాని చుట్టూ జిల్లా పేరు ఉంటే అది పోలీసు బిళ్ల కావడానికే ఎక్కువ అవకాశం. ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ తాతగారి పోలీసు సర్వీసుని మిలిటరీ అని రాసిపెడితే పోలీసు రికార్డులో ఆయన్ని వెతికే మనిషే ఉండడు.

తెలంగాణ ఇళ్లలో 'హైదరాబాద్ రెజిమెంటు' అన్న మాట మరీ తికమక పెడుతుంది. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంటుకి ఆ పేరు నిజాం ఖర్చుతో బ్రిటిష్‌వాళ్లు నడిపిన కంటింజెంటు అనే దళం నుంచి వచ్చింది. మనుషులు మాత్రం ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. నిజాం సొంత సైన్యం వేరు, 1948 పోలీసు చర్యతో దాని కథ ముగిసింది. ఫొటోలోని తాతగారు తెలుగువాడై, బ్యాడ్జి మీద హైదరాబాద్ ఉంటే ముందు నిజాం సైన్యం వైపే చూడండి.

కాగితాల దగ్గరికి

ఫొటో ఇవ్వగలిగేది యూనిట్, హోదా, పదేళ్ల అంచు. మనిషిని పట్టించేది ఆర్మీ నంబరు. డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్, పెన్షన్ పుస్తకం, మెడల్ అంచు, వీటిలో ఎక్కడైనా అది దొరుకుతుంది. నంబరు లేకుండా, సిపాయిల సర్వీసు కాగితాలుండే రికార్డ్స్ ఆఫీసుకి రాయడం దండగ అనను కానీ, 'అప్పారావు, మద్రాస్ ప్రెసిడెన్సీ' అని రాస్తే ఎవరూ వెతకలేరు. పాత రికార్డుల్లో చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, ఉన్నా ఒక్క పొడి అక్షరమే.

యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31, ఈ రెండు వ్యవధుల్లో పోయినవాళ్లే అందులో ఉంటారు. బతికి ఇంటికొచ్చినవాళ్లు ఉండరు. పేరుతో వెతికితే దొరకకపోతే అదనపు సమాచారంలో ఊరి పేరుతో వెతకండి. స్పెల్లింగు అప్పటిది కావాలి: కాకినాడకి కోకనాడా, ఏలూరుకి ఎల్లోర్, విజయవాడకి బెజవాడ, కృష్ణాకి కిస్ట్నా, విశాఖకి విజగపటం. జిల్లా కూడా అప్పటిదే. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. విజయనగరం జిల్లా సిపాయి 1944 కాగితంలో విజగపటం కిందే ఉంటాడు. సమాధి లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద ఉంటాయి: బర్మా అయితే రంగూన్ మెమోరియల్, మలయా, సింగపూర్ అయితే సింగపూర్ మెమోరియల్, మొదటి యుద్ధపు మెసపటేమియా అయితే బాస్రా.

మిగతావాళ్లకు రికార్డ్స్ ఆఫీసులు. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లది బెంగళూరు, పయనీర్లది కూడా బెంగళూరే. ఆర్డినెన్స్, ఈఎంఈ (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల దళం) సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీ నాసిక్ రోడ్‌లో, మెడికల్ లక్నోలో, సిగ్నల్స్ జబల్పూర్‌లో. ఫొటోలో యూనిట్ తప్పుగా చదివితే ఉత్తరం తప్పు ఊరికి పోతుంది, అందుకే ఇంతసేపూ భుజం మీది అక్షరాల కోసం పట్టుబట్టింది. పెన్షన్ తీసుకున్న కుటుంబమైతే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఉత్తరంతో పాటు పంపే ఫొటో స్కాన్ కాపీయే కావాలి, బాగుచేసినది కాదు.

ఇప్పుడు బాగుచేయండి

అసలు స్కాన్‌ని తాళం వేసినట్టు పక్కన పెట్టి, దాని కాపీ మీదే పని మొదలుపెట్టాలి. చానళ్లు కలిపి మరక తగ్గించడం, కర్వ్స్‌తో నలుపు తెలుపులు సరిచేయడం, ఇవి మొత్తం ఫొటోకి. గీతలు, చిల్లులు పూడ్చడం విడి లేయర్‌లో, చిన్న బ్రష్‌తో, 100 శాతం పెద్దది చేసుకుని. గోడ, నేల, తెర మీది గీతలు నిర్భయంగా తీసేయండి. గుడ్డ మీద జాగ్రత్తగా. బ్యాడ్జి, భుజం అక్షరాలు, రిబ్బన్లు, ముంజేయి, ఈ నాలుగింటి లోపల మాత్రం గీత ఉంటే ఉండనివ్వండి. చిరిగిన టోపీ బ్యాడ్జిని ఇంటర్నెట్‌లో దొరికిన బ్యాడ్జి బొమ్మతో అతికించడం బాగుచేయడం కాదు, కొత్తగా కల్పించడం. ఆ బొమ్మ సరైనదే అయినా సరే.

ముఖం యాప్‌లో వేయాలని ఇంట్లో పట్టుబడితే వేయండి, రంగులు కావాలంటే అద్దండి. ఎవరికీ నేను అడ్డం చెప్పను. కానీ ఆ ఫైలు పేరులోనే 'ఊహ' అని ఉండాలి. ఫొటో కింది తెల్ల అంచులో కూడా ఆ మాట చిన్నగా అచ్చు పడాలి, ఎందుకంటే ఫైలు పేరు ఫార్వర్డులో పోతుంది, అంచు పోదు. నా పద్ధతిలో మూడే పేర్లు: అసలు, శుభ్రం, ఊహ. ప్రతి ఫైలుకీ ఏడాది అంచనా, మనిషి పేరు, ముందువైపో వెనకవైపో.

వివరం రాసేటప్పుడు కూడా మూడు మెట్లు విడగొట్టండి. ఫొటోలో కనబడేది: 'నాయక్ పట్టీలు, సర్వీస్ కోర్ అక్షరాలు, కిరీటం.' దాన్నిబట్టి తేలేది: '1935–50 మధ్య, బహుశా యుద్ధకాలం.' ఇంట్లో చెప్పుకునేది: 'బర్మా వెళ్లారని అత్తయ్య మాట.' మూడోది తప్పని తేలినా కొట్టేయకండి, ఎవరు చెప్పారో రాసి ఉంచండి. ఫొటో వెనక రాయాల్సివస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, తేలికగా. బాల్‌పెన్ గాడి ముందువైపు ముఖం మీద తేలుతుంది, జెల్‌పెన్ సిరా పక్క ఫొటోకి అంటుకుంటుంది.

గోడకి తగిలించేది ప్రింటు కాపీయే. అసలుని జిగురు పేజీల ఆల్బంలో, పీవీసీ కవరులో పెట్టకండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో, పడక గది బీరువాలో నడిమి అరలో పెట్టండి. అటక మీద వేడి, నేల అరలో చెమ్మ, దేవుడి గది గోడ మీద పొగ. సిలికా జెల్ పొట్లాలు వేస్తే వానాకాలం ముందొకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి మార్చండి. రంగు మారిన పొట్లం పెట్టెలో ఉన్నా లేనట్టే.